ఇరవయ్యో సంతకం

పోయిన నెల కంటి ఆపరేషను కోసం తిరుపతిలో ఒక ఆస్పత్రికి వెళ్ళాను. బీమా కౌంటర్లో కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే అడిగింది, "ముందు నుంచీ ఏమైనా జబ్బులున్నాయా సార్?" అని. లేవని చెప్పాను. ఆ అమ్మాయి కంప్యూటర్లో ఏదో కొట్టుకుని ఇంకో ప్రశ్నకు పోయింది. నేను ఆ మొదటి ప్రశ్న దగ్గరే ఉండిపోయాను. ఆ ప్రశ్న నేను మొట్టమొదట విన్నది మా మిషన్ ఆస్పత్రి ఆఫీసు గదిలో. అక్కడ దానికి జవాబు చెప్పిన మనిషి మట్టిలో కలిసి చాలా ఏళ్ళయింది. ఇంటికొచ్చాక కూడా, కంటికి కట్టు కట్టుకుని పడుకున్నా, ఆమే కనిపిస్తూ ఉంది.

మా ఆస్పత్రి చిత్తూరుకు పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో ఉండేది. ఎప్పుడో తెల్లవాళ్ళు కట్టించింది. నేను అక్కడ గుమాస్తాని, ఆమె హెడ్ నర్సు. ఆమెకూ ఒక పేరుండేది. జీతాలప్పుడు నెలనెలా ఆ పేరు రాసేది నేనే. కానీ ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళను నేను చూడలేదు. డాక్టర్లకూ, ఆయాలకూ, బస్టాండులో సోడాలమ్మేవాడికీ ఆమె పెద్ద సిస్టరే.

పొడుగు మనిషి. నల్లటి ఒంటి మీద తెల్లచీర గంజితో నిలబడేది. నడుస్తుంటే చెప్పుల చప్పుడుకంటే ముందు చీర చప్పుడు వినిపించేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటి మనిషి మణికట్టు పట్టుకునే అలవాటు ఆమెది. అది పలకరింపు కాదు, నాడి చూడడం. చూసి చెయ్యి వదిలేసేది. ఏమీ చెప్పేది కాదు. పోస్టుమానైనా, పాలమనిషైనా, ఆస్పత్రి చూడవచ్చిన కమిటీ పెద్దలైనా ఒకటే. పాస్టరు గారు ఒకసారి దీవించడానికి చెయ్యి ముందుకు చాపితే ఆ చేతిని కూడా పట్టుకుని చూసి, అయ్యగారూ ఊరగాయ మానెయ్యండి అనిందట. ఆయన మానలేదు గానీ ఆ తర్వాత ఆమె ఎదుట చేతులు జేబుల్లోంచి తీసేవాడు కాదు.

జనం ఆమెను ప్రేమించారని చెప్పలేను. భయపడేవాళ్ళు. ఆమె నవ్వగా చూసింది తక్కువ. రోగులతో తియ్యగా మాట్లాడడం చేతకాదు. ఎవరైనా ఏడుస్తుంటే మంచం పక్కన నిలబడి ఒకటే మాట అనేది: "ఊరికే భయపడొద్దు. భయపడాల్సి వస్తే నేనే చెప్తాను." ఆ మాటకే సగంమంది ఏడుపు ఆపేవాళ్ళు. ఎందుకంటే ఆమె నిజంగానే చెప్పేది.

నాకు చెప్పింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే మా నాయనకు కామెర్లు ముదిరి ఆ ఆస్పత్రిలోనే చేర్చాను. డాక్టరు చూద్దాం చూద్దాం అంటున్నాడు. ఆమె ఒక పొద్దున నన్ను వరండాలోకి పిలిచి, నా మణికట్టు పట్టుకోకుండా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

"మీ నాయన ఈ వారం దాటడప్పా. అమ్మను పిలిపించు. చెల్లెలుంటే చెల్లెల్నీ."

అంతే. భుజం మీద చెయ్యి వెయ్యలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. ఆ క్షణంలో నాకు ఆమె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మధ్యాహ్నం వార్డులోకి పోయి చూస్తే ఆమె మా నాయన మంచం మీద కూర్చుని ఆయనకు గడ్డం గీస్తూ ఉంది. మంగలిని పిలిస్తే వస్తాడు గదా అన్నాను. "వస్తాడు. చెయ్యి బరువు. గడ్డం పెరిగితే దురద, గోక్కునేదానికి చేతిలో సత్తువ లేదు. అడగలేక అల్లాడతా ఉండాడు" అంది, కత్తి మీద నుంచి చూపు తిప్పకుండా. మా నాయన కళ్ళు మూసుకుని చిన్నపిల్లవాడిలా గడ్డం పైకెత్తి ఉన్నాడు. ఆయన ముఖం ప్రశాంతంగా చూసింది నేను అదే ఆఖరు.

ఆమె కింద పనిచేసే ఆయాల్లో మునెమ్మ ఒకతె. కాన్పుల వార్డు మునెమ్మది. పొట్టిగా, గట్టిగా, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా పొగాకూ. వాళ్ళిద్దరి పోట్లాట ఆస్పత్రి కంటే పాతది అనేవాళ్ళు. కాలవలో ఎర్రగా ఉమ్మి కనిపిస్తే పెద్ద సిస్టరు మునెమ్మను పిలిపించి, తాను పక్కన నిలబడి, కాలవ మొత్తం ఆ చివర దాకా కడిగించేది. మునెమ్మ కడుగుతూనే ఆమెను తెల్లకొంగ అనీ, మొగుడు లేని దానికి మనుషుల మీద పగ అనీ, గొంతు తగ్గించకుండా గొణిగేది. పెద్ద సిస్టరుకు వినిపించేది. వినిపించినట్టు ఎప్పుడూ కనపడనిచ్చేది కాదు. అయితే కష్టమైన కాన్పు వచ్చినప్పుడు మాత్రం వేరే ఆయాను రానిచ్చేది కాదు. మునెమ్మనే పిలవమనేది.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. మా ఆస్పత్రిలో పనిచేసినవాళ్ళకు ఒక భరోసా ఉండేది. కాయితం మీద లేదు, మాట మాత్రమే. ఆస్పత్రిని నడిపిన ముసలి దొరసానమ్మ ఉన్నన్నాళ్ళూ, ఇక్కడ పనిచేసిన వాళ్ళకు చచ్చేదాకా వైద్యం ఆస్పత్రిదే. ఇక్కడ కానిది వేలూరుకు పంపించి ఆ ఖర్చూ పెట్టుకునేవాళ్ళు. దొరసానమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు అక్కడి నుంచి వచ్చే డబ్బూ ఆగిపోయింది. పందొమ్మిది వందల ఎనభైల చివరికొచ్చేసరికి ఆస్పత్రికి సున్నం కొట్టించే దిక్కు లేదు. కొత్త మేనేజరు వచ్చాడు. రిటైరైన వాళ్ళకూ, ఆ ఏడాదో ఆ పై ఏడాదో రిటైరు కాబోతున్న వాళ్ళకూ ఇక ఉచిత వైద్యం కుదరదని కమిటీ తీర్మానం చేసిందని చెప్పాడు. దానికి బదులు రెండు దారులు చూపించాడు. ఒకటి, ఒకేసారి కొంత మొత్తం చేతిలో పెడతారు, తీసుకుని పోవచ్చు. రెండోది, ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన ఆస్పత్రి బీమా. ఆస్పత్రిలో పడుకోవలసిన జబ్బు వస్తే కంపెనీ ఖర్చిస్తుంది. సగం ఆస్పత్రి కడుతుంది, సగం వాళ్ళు కట్టుకోవాలి.

రెండో దానికి ఒక మెలిక ఉంది. అరవై దగ్గరపడ్డ వాళ్ళను ఒక్కొక్కరుగా పోతే కంపెనీ తీసుకోదు. అందరూ ఒక గుంపుగా వస్తే వయసు చూడకుండా, డాక్టరు పరీక్ష లేకుండా తీసుకుంటుంది. ఆ గుంపులో కనీసం ఇరవైమంది ఉండాలి. ఒక్కరు తగ్గినా లేదు. అప్పుడు అందరికీ మొదటి దారే.

అందరూ మొదటి దారే అన్నారు. ఎందుకనరు? చేతికొచ్చే దుడ్డు కళ్ళకు కనిపిస్తుంది. రాబోయే జబ్బు కనిపించదు. ఒకరికి ఇంటి పైకప్పు వెయ్యాలి, ఒకరికి బావి పూడిక తియ్యాలి. మేనేజరుకూ అదే తేలిక, ఒక్కసారితో పీడ వదిలిపోతుంది.

పెద్ద సిస్టరు ఒక్కతే అడ్డం తిరిగింది. డ్యూటీ దిగి, అదే తెల్లచీరతో, సాయంత్రం పూట ఒక్కొక్కరి ఇంటికి పోయేది. వంటమనిషి, వాచ్‌మను, చాకలి, ఆయాలు. నన్నూ వెంట తీసుకుపోయేది, లెక్కలు చెప్పడానికి. నేను చెప్పిన లెక్కలు ఎవరూ వినలేదు. ఆమె మాటలు విన్నారు. వాళ్ళ వాళ్ళ కన్నవాళ్ళు ఏ మంచం మీద, ఎంత నొప్పితో, ఏ మందు కొనలేక పోయారో ఆమెకు గుర్తుంది. అది మెల్లగా చెప్పేది. విన్నవాళ్ళు తల దించుకునేవాళ్ళు. ఆ పని ఆమె దయతో చేసిందని నేననను. పుండు కడిగినట్టు చేసింది.

ఆఖరున మునెమ్మ ఇంటికి పోయాం. మునెమ్మ అరుగు మీద కూర్చుని చింతకాయలు కొడుతూ ఉంది. లేవలేదు. కూర్చోమనలేదు. తనకు ముగ్గురు కొడుకులున్నారనీ, బీమాలూ గీమాలూ ఎవరూ లేనివాళ్ళకనీ అంది. ఆ మాట ఎవరికి తగలాలని అందో మాకు తెలుసు.

పెద్ద సిస్టరు అరుగు కిందనే నిలబడింది. "నాకెవురూ లేరు మునెమ్మా, అందుకే ఎవురెవురికి ఎవురుంటారో సూస్తా వచ్చినాను. కొడుకులు వస్తారు. రారని నేనన్లేదు. మొదటి రోజు ముగ్గురూ వస్తారు. వేలూరికి తీసుకపోండి అని డాక్టరు సెప్తానే పెద్దోడు బీడీ కాల్సుకునేదానికి బయటికి పోతాడు. రెండోవాడు అన్న వచ్చినాక అడుగుదామంటాడు. కడగొట్టువాడు నీ కాళ్ళకాడ కూర్చోని ఏడుస్తాడు. వాళ్ళు సెడ్డోళ్ళు కాదు. వాళ్ళకాడ ఉండదు, అంతే. ముగ్గురు బిడ్డల్ని అంత అగసాట్లు పెట్టి నువ్వు పోవాల్నా?"

మునెమ్మ చింతకాయ కొట్టడం ఆపింది. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో నన్నడిగింది. పెద్ద సిస్టరు వైపు చూడలేదు.

అట్లా ఇరవైమంది పోగయ్యారు. ఆ ఇరవైమందిలో పెద్ద సిస్టరు లేదు. ఆమె కూడా ఆ ఏడాదే రిటైరవుతోంది. మీ పేరు రాయలేదే అని నేను రెండు మూడుసార్లు అడిగాను. నాకు అక్కర్లేదప్పా అంది. మదనపల్లెలో ఆమె చదివించిన తమ్ముడి పిల్లలున్నారు, వాళ్ళు చూసుకుంటారని ధీమా అనుకున్నాను. లేదంటే పొగరనుకున్నాను.

కంపెనీ ఆఫీసరు తిరుపతి నుంచి వచ్చాడు. బట్టతల, మర్యాదస్తుడు. ఆఫీసు గదిలో బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి అదే ప్రశ్న అడిగాడు, ముందు నుంచీ ఏమైనా జబ్బులున్నాయా అని. చిన్న జబ్బుంటే దానికి కంపెనీ ఇవ్వదు, పెద్దదైతే ఆ మనిషిని గుంపులోనే లెక్కవెయ్యదు. ఉండీ లేదని చెప్పి తర్వాత బయటపడితే ఆ మనిషికి మొత్తంగా ఏదీ ఇవ్వదు. ఆ మాట కూడా అందరికీ విడమరిచి చెప్పాడు. మునెమ్మ, ఇన్నేళ్ళు పెద్ద సిస్టరు కింద పనిచెయ్యడమే తనకున్న రోగమని చెబితే ఆయన కూడా నవ్వాడు.

పంతొమ్మిదిమంది అయ్యాక ఇరవయ్యోవాడిగా కాంపౌండరు రావాలి. రాలేదు. పొద్దున్నే బెంగుళూరు నుంచి అల్లుడొచ్చి, అదేదో దుడ్డే తీసుకుందాం మామా అని చెప్పి బస్సెక్కించుకు పోయాడని కబురొచ్చింది. ఆఫీసరు గడియారం చూసుకుని సంచీ సర్దుకున్నాడు. ఇరవై లేకపోతే తన చేతుల్లో లేదన్నాడు. మేనేజరు తలూపాడు. ఆయాలందరూ బయట వరండాలో గోడకానుకుని వరసగా కూర్చుని ఉన్నారు, కొందరి వేళ్ళకు ఇంకా సిరా ఉంది.

పెద్ద సిస్టరు తలుపు దగ్గర నిలబడి ఉంది. లోపలికొచ్చి ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఆయన మళ్ళీ సంచీ తెరిచి అదే ప్రశ్న అడిగాడు. ఆమె వరండా వైపు చూసింది. తర్వాత "లేవు" అని సంతకం పెట్టింది.

ఆయాలు వెళ్ళిపోయాక ఆఫీసరు మేనేజరుతో, ఆమెతో, నాతో ఒక మాట చెప్పాడు. అందరూ ముసలివాళ్ళని పైవాళ్ళు ఈ గుంపును ఇష్టపడి తీసుకోలేదట. మొదటి ఏడాది పెద్ద బిల్లులేవీ రాకుండా, మోసమనే మాటేదీ పడకుండా గడిస్తే రెండో ఏడాది తనే దగ్గరుండి కొనసాగిస్తాడు. లేదంటే చెప్పలేడు. ఆమె ఆ మాట విని, ఆయన మణికట్టు పట్టుకుని చూసి, వదిలి, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె రిటైరైంది గానీ ఆస్పత్రి వదల్లేదు. వెనక క్వార్టర్సులో ఒక గది ఆమెకు ఉంచారు. జీతం లేకుండానే వార్డులో తిరిగేది. నాలుగైదు నెలలకు మనిషి తగ్గింది. వయసనుకున్నాం. ఎడమ చెయ్యి ఒంటికి ఆనించుకుని నడిచేది. పరుపు ఎత్తాలంటే ఇంకొకరిని పిలిచేది. ఒకరోజు అలమారా పై అరలోంచి ఏదో తియ్యబోయి చెయ్యి సగం లేపి దించేసింది. ముఖంలో రంగు పోయింది. నేను చూశానని చూసి, కాలవ ఎవరు కడిగారని గట్టిగా అరిచింది.

మా డాక్టరమ్మ చిన్నపిల్ల, చదువు అయిపోగానే వచ్చినది. ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. పెద్ద సిస్టరుకు రొమ్ములో గడ్డ ఉందనీ, బలవంతాన చూశాననీ, చంక దాకా పాకిందనీ చెప్పింది. వెంటనే వేలూరు తీసుకుపోయి ఆపరేషను చేయించాలి, బీమా ఉంది గదా, కాయితాలు మొదలుపెట్టండి అంది.

నేను నేరుగా క్వార్టర్సుకు పోయాను. గదిలో ఒక మంచం, ఒక పెట్టె, దండెం మీద రెండు తెల్లచీరలు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. డాక్టరమ్మ చెప్పిందా అని తనే అడిగింది. చెప్పిందన్నాను. ముందు ఆస్పత్రి చేత కట్టిస్తాను, బిల్లులు పంపిస్తే కంపెనీ తిరిగిస్తుంది, రేపే బయల్దేరుదాం అని గబగబా చెప్పుకుపోయాను. ఆమె నన్ను మంచం మీద కూర్చోమంది.

"సంతకం పెట్టేనాటికే ఉండెనప్పా ఇది. శెనగ్గింజంత ఉండె. వేలికి తగలతా ఉండె."

నేను కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను.

"నలభై ఏండ్లు ఇదే పని సేసినదాన్ని. నాకు తెలీదంటే ఎవురు నమ్ముతారు? తెలిసే లేదన్న్యాను. అబద్ధం."

ఎవరికీ తెలియదు గదా అన్నాను. ఇప్పుడే కనిపించిందని చెబుదాం, డాక్టరమ్మ అట్లాగే రాస్తుంది అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వేలూరు డాక్టర్లు గడ్డను చూసి వయసు చెబుతారంది. ఇది సంతకానికి ముందుదని ఒక్క డాక్టరు ఒక్క ముక్క రాస్తే, ఈ గుంపంతా అబద్ధాల గుంపని కంపెనీ అంటుంది. వాళ్ళను చేర్పించింది తనే. వాళ్ళ చేతుల్లోంచి దుడ్డు లాగి ఇందులో పోయించింది తనే.

"ఆ అబద్ధం వాళ్ళ కోసరమని నాకు నేను సెప్పుకున్యాను. ఇప్పుడు నేను బిల్లు పెడితే అది నా కోసరం ఆడినట్టవుతాది."

బీమా వద్దు, తిరుపతి పెద్దాస్పత్రికి పోదాం, అక్కడ డబ్బక్కర్లేదు అన్నాను. ఏడాది గడవనీ అంది. ఈలోపు ఈ మాట నలుగురి నోళ్ళలో పడితే ఆఫీసరు చెవికి చేరడానికి ఎంతసేపు? ఇంకా అడుగుతుంటే విసుక్కుంది. ఇట్లాంటి ఆడవాళ్ళను తాను ఎందరినో చూసిందనీ, కోసినవాళ్ళనూ కొయ్యనివాళ్ళనూ చూసిందనీ అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు వేరేగా ఉంది. ఆ గొంతు గురించి ఇప్పటికీ నాలో నేను ఆలోచిస్తూ ఉంటాను. పంతొమ్మిదిమంది కోసం ఆగిందా, కత్తికి జడిసి ఆగిందా? రెండూ నిజమేనేమో.

"భయపడాల్సిందేనా సిస్టర్?" అని అడిగాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. ఈసారి వదల్లేదు. నాడి లెక్కపెట్టడం లేదని నాకు తెలిసిపోయింది.

డాక్టరమ్మ ఊరుకోలేదు. బతిమాలి, ఏడ్చి, కొన్ని నెలలకు తిరుపతి పెద్దాస్పత్రికి తీసుకుపోయింది. అక్కడ చూసి, ఎముకల్లోకి దిగింది, ఇంటి దగ్గరే ఉంచుకోండి అని పంపించారు. మదనపల్లె నుంచి తమ్ముడి కొడుకు ఒకసారి వచ్చాడు. ఆపిల్ పండ్లు తెచ్చాడు. సాయంత్రం బస్సుకు పోయాడు.

ఆడవాళ్ళ వార్డులో మూలమంచం ఆమెకు ఇచ్చారు. గడ్డ పగిలి పుండయింది. ఆ వాసనకు పక్క మంచాలవాళ్ళు ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్ళు. కొత్త నర్సులు కట్టు మార్చడానికి వెనకాడితే మునెమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. అప్పటికి మునెమ్మ కూడా రిటైరైంది. పొద్దున వచ్చి, నోట్లో ఆకు ఉమ్మేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని కట్టు విప్పేది. పెద్ద సిస్టరు పడుకునే, అట్లా కాదు, లోపలి నుంచి బయటికి తుడువు అని చెబుతుండేది. మునెమ్మ, నాకు తెలుసు నోరు మూసుకో అనేది. ఒకరినొకరు తిట్టుకుంటూనే కట్టు పూర్తి చేసేవాళ్ళు.

ఆఖరి రోజుల్లో ఆమె పాత మనిషి కాదు. నొప్పికి సూది నాలుగు గంటలకొకసారే ఇవ్వాలన్నది ఆ వార్డులో ఆమె పెట్టిన చట్టం. ఎంత ఏడ్చినా ముందుగా ఇచ్చేది కాదు, ఇవ్వనిచ్చేది కాదు. నేను కూర్చుని ఉన్నప్పుడే ఒకరోజు ఆమె సూది అడిగింది. ఆమె చేతి కింద నేర్చుకున్న ఒక చిన్న నర్సు, ఇంకా టైము కాలేదు సిస్టర్, మీరే గదా చెప్పినారు అంది. ఆ పిల్ల ఎగతాళిగా అనలేదు. భయంతో, భక్తితో అంది.

పెద్ద సిస్టరు ఆ పిల్ల వైపు చూసింది. "తప్పు నేర్పినానమ్మా" అంది. "ఇయ్యి."

ఆ పిల్ల ఏడుస్తూ పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

ఏడాది తిరిగింది. ఆఫీసరు మాట నిలబెట్టుకున్నాడు. రెండో ఏడాదికి కొనసాగించినట్టు కాయితం వచ్చిన రోజు నేను దాన్ని పట్టుకుని వార్డుకు పరుగెత్తాను. ఆమె చెవి దగ్గర వంగి, పాలసీ మళ్ళీ ఇచ్చారు సిస్టర్, అందరికీ ఇచ్చారు అని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏ పాలసీయో గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నట్టుంది. తర్వాత, నన్ను ఆ పక్కకు తిప్పప్పా, ఈ పక్క మండతా ఉండాది అంది. నేనూ మునెమ్మా కలిసి తిప్పాం. ఒంట్లో బరువు లేదు. ఆ వారంలోనే పోయింది. శవానికి స్నానం చేయించింది మునెమ్మ. వేరే ఎవరినీ గదిలోకి రానివ్వలేదు.

ఆ ఎండాకాలంలో మునెమ్మ కోనేటికి పోయి నీళ్ళబిందెతో జారిపడింది. తొడ ఎముక విరిగింది. కొడుకులు ముగ్గురూ వచ్చారు. డాక్టరమ్మ వేలూరు అనగానే పెద్దకొడుకు బీడీ కోసం బయటికి పోలేదు గానీ, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నేను బీమా ఉందని చెప్పాను. వేలూరులో ఎముకకు కడ్డీ వేశారు. బిల్లులు పంపితే కంపెనీ ఒక్క మాట అడగకుండా మొత్తం ఇచ్చింది. మునెమ్మ మూడు నెలలకు కర్ర పట్టుకుని నడిచింది.

ఆ మరుసటి ఏడాది కంపెనీ ఆ గుంపు బీమాను ఎత్తేసింది. మా ఒక్కరిదే కాదు, అట్లాంటి ముసలివాళ్ళ గుంపులన్నిటినీ ఎత్తేశారని ఆఫీసరు చెప్పి, తనే నొచ్చుకున్నాడు. కమిటీ చేతులు దులుపుకుంది. వాచ్‌మను గుండె జబ్బుతో తన గుడిసెలోనే పోయాడు. వంటమనిషి మూత్రపిండాలు పాడై, ఉన్న మడిచెక్క అమ్మి, అమ్మిన నెలకు పోయింది. ఒక్కొక్కరే. వాళ్ళ ఇళ్ళకు నేను పోయినప్పుడల్లా పెద్ద సిస్టరు ఏమన్నదో గుర్తుచేసుకునేవాళ్ళు. కొందరు ఆమెను తిట్టేవాళ్ళు కూడా, చేతికొచ్చే దుడ్డు పోగొట్టిందని.

ఇక దాచి కాపాడేది ఏమీ లేదనిపించింది. మునెమ్మ ఇంటికి పోయినప్పుడు ఒకసారి అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. గడ్డ ముందే ఉందని ఆమెకు తెలుసుననీ, కాంపౌండరు రాకపోయేసరికి ఎందుకు సంతకం పెట్టిందో, ఏడాది ఎందుకు నోరు మూసుకుందో, అన్నీ. మునెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె కాలు మీద చెయ్యి వేసుకుని, కడ్డీ ఉన్న చోట వేళ్ళతో ఒత్తుకుంటూ విన్నది. అంతా అయ్యాక నా వైపు తిరిగింది. ముఖం ఎర్రబడి ఉంది.

"నేనడిగినానా ఆమెను?"

నేను ఏదో చెప్పబోయాను. చెప్పనియ్యలేదు.

"నా కాలు ఇరిగితే ఇరిగింది. దేకుతా బతుకుదును. తన పానం నా కాలికి ముడేసి పొమ్మని ఆమెకు ఎవురు సెప్పినారు? ఆమె ఉండుంటే పొద్దున లేస్తానే వాకిట్లో నిలబడి తిట్టును. తిట్టించుకునేదానికైనా ఒక మనిషి ఉండును గదప్పా నాకు."

కర్ర ఊతంతో లేచింది. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను అరుగు దిగి వచ్చేశాను.

ఆ తర్వాత మునెమ్మ చాలా ఏళ్ళు బతికింది. పోయినప్పుడల్లా బాగానే పలకరించేది, సంగటి ముద్ద పెట్టి తినేదాకా కదలనిచ్చేది కాదు. పెద్ద సిస్టరు మాట మాత్రం ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.